గొడుగు పిడుల నమూనా కొనుగోలు

“మదింపు లేని మదుపు, మెడ లేని మనిషి! చూడకుండా పెళ్ళాడినవాడికైనా మన్నింపు ఉంది గాని, తూచకుండా షేరు కొన్నవాడికి లేదు!”

క్లబ్బు పఠనాలయంలో గోడగడియారానికీ పాత పత్రికల గుట్టకీ మధ్య నిలబడి తూకం గారు ఈ ప్రకటన చేశారు. వినడానికి ఇద్దరున్నారు. ఒకరు పళ్ళ డాక్టరు, రెండోవారు లెక్కల మాస్టారు. మూడో కుర్చీలో పిల్లి కూడా ఉంది గాని, అది మొదటి వాక్యానికే నిద్రపోయింది.

తూకం గారి అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా దిగిపోయారు. అన్నేళ్ళలో ఆయన ఏ కాగితం మీదా ‘సరే’ అని గాని ‘కాదు’ అని గాని రాసిన పాపాన పోలేదు. ‘పరిశీలించదగినది’ అని రాసేవారు. పరిశీలించాక మళ్ళీ తన బల్ల మీదికే వస్తే ‘పునఃపరిశీలించదగినది’ అని రాసేవారు. దాంతో కాగితం తిరిగి తిరిగి అరిగి, తనంతట తానే చచ్చిపోయేది. దాన్నే శాఖలో పరిష్కారం అంటారు.

“శేర్లు కొలిచిన చెయ్యి ఇది! షేర్లు కొలవలేదా?” అన్నారు తూకం గారు, ఆ చెయ్యి ఎత్తి చూపిస్తూ. “కనక మనం ముగ్గురం ఒక మదింపు సంఘంగా ఏర్పడుతున్నాం. అధ్యక్షుణ్ణి నేను.”

“మేం?” అన్నాడు డాక్టరు.

“మీరు సంఘం.”

మదింపుకొచ్చిన షేరు ఒక గొడుగు పిడుల కంపెనీది. గొడుగులు కాదు, ఒట్టి పిడులే. పట్టుకునే వంకీ ఒక్కటీ చేసి గొడుగులవాళ్ళకి అమ్ముకునే పాతకాలపు కంపెనీ. పత్రిక చివరి పేజీలో, అట్టడుగున, చీమల బారులాంటి అచ్చులో తూకం గారు దాన్ని పట్టుకున్నారు. షేరు ధర తొంభై. ఏటా ఇచ్చే డివిడెండు తొమ్మిది. అంటే నూటికి పది! బ్యాంకువాడు నూటికి ఆరిచ్చి, ఆ ఆరూ ఇస్తున్నప్పుడు కూడా సొంత ఆస్తి రాసిచ్చినట్టు మొహం పెడతాడు.

ఇక్కడ తూకం గారి ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. వీధిలో చాలామందికి కారు ఉంది. తూకం గారికి కారే కప్పు ఉంది. చినుకు పడితే వంటింట్లో మూడు ధారలు, వసారాలో రెండు, పడకగదిలో ఒకే ఒక్కటి. ఆ ఒక్కటీ గురి తప్పకుండా ఆయన తలగడ మీద. వానాకాలం పడుకునేటప్పుడు ఆయన గొడుగు తెరిచి మంచానికి కట్టుకునేవారు. ఆయన భార్య ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ ధారల కింద పరిచి, అవి చాలక కాఫీ కప్పులు కూడా పెట్టేది.

“కప్పు కింద కప్పు పెట్టుకుని కాపురం చేస్తున్నాను, నాలాంటిది ఇంకొకతె ఉంటే చూపించండి!” అనేది ఆవిడ.

తాపీ మేస్త్రీ వచ్చి చూసి ఇరవై ఆరు వేలవుతుందన్నాడు. సరిగ్గా ఆ సొమ్ము ఆయన పేర బ్యాంకులో ఉంది. కప్పు కోసమే దాచింది. వానలకి ఇంకా నాలుగు నెలల గడువుంది. కాని కప్పు విషయం రెండేళ్ళ నుంచీ తూకం గారి పరిశీలనలో ఉంది.

“ఒక షేరు చూశానే. బ్రహ్మాండంగా ఉంది,” అన్నారాయన ఆ సాయంత్రం.

“ఏం లాభం?”

“పది శాతం!”

“నేనడిగింది ఆ లాభం కాదండీ. నెత్తిన నీళ్ళు కారుతుంటే ఏం లాభం అని.”

“అదే చెబుతున్నా. ఇరవై ఆరు వేలూ కప్పు మీద పోస్తే కప్పు మీదే ఉంటాయి. షేర్ల మీద పోశామనుకో, ఏటా రెండు వేల ఆరువందలు దిగుతాయి. పదేళ్ళలో కప్పు ఊరికే వచ్చినట్టు!”

“మరి ఆ పదేళ్ళూ?”

“గిన్నెలున్నాయిగా.”

ఆవిడ చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగింది. “ఏ షేరో అది?”

“మదింపులో ఉన్న షేరు పేరు ఇంట్లో చెప్పకూడదు. నియమం.”

“మీ నియమానికో దణ్ణం. మీరలాగే పరిశీలిస్తూ ఉండండి,” అని ఆవిడ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

సంఘం మూడు వారాలు పనిచేసింది. నిజం చెప్పొద్దూ, చాలా బాగా పనిచేసింది. లోకంలో ఎన్నో సంఘాలు తప్పుడు నిర్ణయం చేసి దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయి. ఈ సంఘం ఒప్పు నిర్ణయమే చేసింది!

“షేరుకి పన్నెండు సంపాదించి తొమ్మిది పంచుతోంది,” అని మాస్టారు సుద్దముక్కతో బల్ల మీదే లెక్క వేశాడు. “మూడు మిగుల్చుకుంటోంది. అప్పు లేదు. యంత్రాలమ్ముకుని పంచడం లేదు. అంతవరకూ పెద్దమనిషే.”

“పన్ను సంగతి నాకొదిలేయండి,” అన్నాడు డాక్టరు.

“మీకు తెలిసిన పన్ను వేరండీ. దాన్ని మీరు పీకుతారు. ఇది మనల్ని పీకుతుంది.”

తూకం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “అసలు ప్రశ్నకి రండి. నిన్న మార్కెట్టులో ఎన్ని షేర్లు చేతులు మారాయి?”

“ఏడు.”

“మొన్న?”

“సున్నా.”

“అటుమొన్న?”

“అటుమొన్న మార్కెట్టుకి సెలవు. ఆ రోజూ మొన్న నడిచినంత జోరుగానే నడిచింది.”

మాస్టారు సుద్దముక్క కింద పెట్టాడు. “చూడండీ, ఇప్పుడు కొనబోతే తొంభై ఆరంటున్నారు. అమ్మబోతే ఎనభై నాలుగంటున్నారు. మధ్యలో పన్నెండు. అంటే కొన్న మరు నిమిషంలో అమ్మాల్సొస్తే ఏడాది డివిడెండు తొమ్మిదీ పోయి, పైన మూడు చేతిసొమ్ము. చూడాల్సింది కొనే రోజు కాదు, అమ్మే రోజు. పదేళ్ళు మరిచిపోగలిగినవాడికి ఇది మంచి షేరే. దగ్గర్లో డబ్బవసరం ఉన్నవాడు దీని గుమ్మం తొక్కకూడదు.”

“భేష్!” అన్నారు తూకం గారు. “పలచగా నడిచే షేరు జోలికెళ్తే మనిషే పలచనైపోతాడు. ఇక అభిప్రాయాలు రాసి సీలు కవర్లలో పెట్టండి.”

మూడు కవర్లు తెరిచారు. మూడింట్లోనూ ‘కొనదగదు’ అనే ఉంది. ముప్పై నాలుగేళ్ళ తర్వాత తన చేత్తో ఒక నిర్ణయం జరిగిపోయినందుకు తూకం గారి కళ్ళు చెమ్మగిల్లాయి.

చెమ్మ ఆరకుండానే ఆయన వీధి చివరకెళ్ళి బ్రోకరుకి ఫోను చేశారు.

దీనికి కారణం శాఖలో ఉంది. తూనికల శాఖవాళ్ళు ఏ దుకాణాన్నైనా పట్టుకోవాలంటే ముందు మామూలు మనిషిలా వెళ్ళి ఒక సరుకు కొంటారు. తెచ్చి తూస్తారు. దాన్ని నమూనా కొనుగోలు అంటారు. తూకం సరిపోతే సరుకు అధికారి ఇంటికి పోతుంది, సరిపోకపోతే దుకాణదారు కోర్టుకి పోతాడు. ఆ నమూనాలతోనే తూకం గారి ఇల్లు గడిచిందని గిట్టనివాళ్ళంటారు. గిట్టనివాళ్ళకి కూడా ఒక్కొక్కప్పుడు నిజం గిట్టుబాటవుతుంది. ఏమైనా, కొని చూడనిదే ఏ వస్తువుకీ మదింపు పూర్తికాదని ఆయనకి రక్తంలో ఉంది. పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమైనప్పుడు, పిడికి మాత్రం వేరే మంత్రం ఎందుకు?

“పది షేర్లు,” అన్నారు తూకం గారు గొంతు తగ్గించి. “నమూనాకి మాత్రమే.”

“నమూనాయా? మరి నచ్చకపోతే వాపసు ఉండదు సార్,” అన్నాడు బ్రోకరు.

ఇది ఆయన ఒక్కరే చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. సంఘంలో ఉన్నన్నాళ్ళూ ఈ నమూనా కొనుగోలు ప్రతాపం గురించి ఆయన రోజుకి రెండు పూటలా చెప్పేవారు. శిష్యులు శ్రద్ధగా విన్నారు. డాక్టరు ఆ మధ్యాహ్నం ఒకాయన నోట్లో దూది కుక్కి, ఇప్పుడే వస్తానని పక్కగదిలోకెళ్ళి పది షేర్లు చెప్పాడు. మాస్టారు విరామం గంటలో పది చెప్పాడు. ఎవరికి వారే మిగతా ఇద్దరి చేత ‘కొనదగదు’ అని రాయించి పోటీ లేకుండా చేశామనుకుని లోలోపల మురిసిపోయారు.

ఎప్పుడో ఓ ఏడు కదిలే షేరు, ఒక్క రోజులో ముప్పై కదిలేసరికి ఉలిక్కిపడి నూట నాలుగుకెళ్ళి కూర్చుంది!

“చూశారా?” అన్నారు తూకం గారు మర్నాడు పఠనాలయంలో. “ఎవరిదో పెద్ద చెయ్యి కొంటోంది!”

ముగ్గురూ తమ తమ చేతుల్ని జేబుల్లో పెట్టుకున్నారు.

“అయినా మనకెందుకండీ,” అన్నాడు డాక్టరు, “మనం కొనదగదన్నాం కదా.”

“ససేమిరా కొనదగదు!” అన్నాడు మాస్టారు.

“కొనేవాడు మూర్ఖుడు!” అన్నారు తూకం గారు. ముగ్గురూ త్వరగా ఇళ్ళకెళ్ళారు. దారిలో ఎవరి ఫోను వాళ్ళకుంది.

“మీకు కబురు చేద్దామనే అనుకుంటున్నా సార్,” అన్నాడు బ్రోకరు. “ఊరంతటికీ అమ్మేవాళ్ళు ఒక్కరే ఉన్నారు. ఇందాకే ఇంకొకాయన నూట పదికి పట్టుకెళ్ళాడు. మీరు నూట పదిహేనంటే మీ తరఫున మాట్లాడతా.”

“ఎవరా ఇంకొకాయన?”

“పేర్లు చెప్పకూడదు సార్. నియమం.”

నియమం అన్న మాట వినగానే తూకం గారికి ఆ మనిషి మీద అపారమైన గౌరవం కలిగింది. నూట పదిహేనుకి సరేనన్నారు. మర్నాడు డాక్టరు నూట ఇరవై అయిదన్నాడు. ఆ మర్నాడు మాస్టారు నూట నలభై అన్నాడు. ఇలా గొడుగు పిడి చెయ్యి జారిన గాలిపటంలా లేచి లేచి, ఆరు వారాల్లో నూట ఎనభై తాకింది. తూకం గారి దగ్గర రెండు వందల షేర్లు చేరాయి. బ్యాంకులో కప్పు సొమ్ము ఇరవై ఆరు వేలూ ఆవిరైంది. ఆయన మాత్రం రోజూ పత్రిక చివరి పేజీ చూసుకుని, “నా మదింపుని మార్కెట్టే ఒప్పుకుంది!” అని పొంగిపోతూ, ఆ పొంగు పైకి కనబడకుండా మూత పెట్టుకుంటూ తిరిగారు.

ఆ పొంగు మీద నీళ్ళు చల్లింది మాస్టారే. ఒక రోజు అలవాటు కొద్దీ బల్ల మీద సుద్దతో తొమ్మిదిని నూట ఎనభైతో భాగించాడు. నూటికి అయిదొచ్చింది. చెరిపి మళ్ళీ భాగించాడు. మళ్ళీ అయిదే.

“బ్యాంకు ఆరిస్తోంది కదండీ,” అన్నాడు డాక్టరు, పంటినొప్పి తనకే వచ్చినట్టు.

“అవును. ధర రెట్టింపైంది గాని, డివిడెండు తొమ్మిది దగ్గరే ఉంది.”

“పిడులు ఎక్కువ అమ్ముడుపోతున్నాయేమో!”

“పిడులు ఎప్పట్లాగే ఉన్నాయి. షేర్లే ఎక్కువ అమ్ముడయ్యాయి.”

ముగ్గురూ గంభీరంగా తలలూపారు. ఇళ్ళకెళ్ళి ముగ్గురూ అమ్మమన్నారు.

అప్పుడు తెలిసింది అసలు పలచదనం! కొనేవాళ్ళు ముగ్గురే. ఆ ముగ్గురూ ఇప్పుడు అమ్మేవాళ్ళు. వారం రోజులు సున్నా. నూట యాభై అన్నారు, పలికే నాథుడు లేడు. నూట పది అన్నారు, బ్రోకరు దగ్గాడు. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరి కింద ఒకరు ధర తగ్గించుకుంటూ అరవైకి దిగారు. “ఎవరిదో పెద్ద చెయ్యి అమ్ముతోంది!” అని పఠనాలయంలో నిట్టూర్చడం మాత్రం మానలేదు.

ఇంట్లో ఇంకో వింత. ఒక పొద్దున తూకం గారు లేచేసరికి కప్పు మీద మనుషులున్నారు. తాపీ మేస్త్రీ, సిమెంటు, నిచ్చెన, అన్నీ వచ్చేశాయి. ఇప్పుడు బ్యాంకు పుస్తకం తెమ్మంటుందేమో!

“డ... డబ్బు?” అన్నారు.

“నా దగ్గరుందిలెండి. మా నాన్నది. మీ డబ్బుతో మీరు పరిశీలించుకోండి,” అంది ఆవిడ.

మామగారు పోయి పాతికేళ్ళయింది కదా, ఆయన డబ్బు ఇప్పుడెక్కడిదని తూకం గారికి నోటి దాకా వచ్చింది. కాని ఒక ప్రశ్న అడిగితే ఆవిడ ఒక ప్రశ్న అడుగుతుంది. ఆయన నోరు మూసుకుని కాఫీ తాగారు.

ఆ వారంలోనే కంపెనీ వార్షిక సమావేశం. షేర్లున్నవాళ్ళు ఎవరైనా వెళ్ళి నిలదీయొచ్చు. ధర ఎందుకు పడిపోయిందో నిలదీద్దామని తూకం గారు ఎవరికీ చెప్పకుండా బయల్దేరారు. కార్ఖానా వెనక రంపపు పొట్టు వాసనేసే గది. గోడల నిండా మేకులకి పిడులు వేలాడుతున్నాయి, ప్రశ్నార్థకాల ప్రదర్శనలాగా. రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో మఫ్లరు చుట్టుకుని డాక్టరు. రెండోదాంట్లో పత్రిక అడ్డం పెట్టుకుని మాస్టారు. పత్రిక తలకిందులుగా ఉంది.

“నేను పరిశీలనకొచ్చాను,” అన్నారు తూకం గారు.

“నేను మీరొస్తారేమో చూడ్డానికొచ్చాను,” అన్నాడు డాక్టరు.

“నేను అసలు రాలేదు,” అన్నాడు మాస్టారు పత్రిక వెనక నుంచి.

కంపెనీ గుమాస్తా ఇంకో కుర్చీ మోసుకొచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. “ఈ సభకి కుర్చీలు చాలకపోవడం ఇదే మొదటిసారండీ! ఏటా ఒక్కావిడే వచ్చేది. మా పాత పాలిష్ మేస్త్రీ గారమ్మాయి. ఆ రోజుల్లో జీతంతో పాటు షేర్లిచ్చేవాళ్ళు, వాళ్ళ నాన్న అమ్మాయికి రాసిచ్చాడు. పాపం, రెండేళ్ళ నుంచి మొత్తంగా అమ్ముతానంటే కొనే దిక్కు లేదు. ఈ మధ్య ఎవరో ముగ్గురు మారాజులు ఎగబడి కొన్నారట. ఆరువందలూ అమ్మేసింది!”

“ఎవరావిడ?” డాక్టరు లేచాడు. “తొంభైది నూట ఎనభైకి అంటగట్టిన మహాతల్లి ఎవరు? చెప్పండి, కేసు వేద్దాం!”

“పుస్తకం చూపించమనండి!” మాస్టారి పత్రిక కింద పడింది.

షేరున్నవాళ్ళకి పుస్తకం చూసే హక్కుంది. పుస్తకాలు తిరగెయ్యడంలో ఆరితేరిన చెయ్యి కనక తూకం గారే అందుకున్నారు. పోయినేటి జాబితా, ఈ ఏటి జాబితా పక్కపక్కన పెట్టారు. ఈ ఏడు కొత్తగా మూడు పేర్లు, ఒక్కొక్కటీ రెండొందలు. పోయినేడు ఉండి ఈ ఏడు లేనిది ఒక్కటే. ఆరువందలు. ఎదురుగా చిరునామా ఉంది. ఆయన ఇంటి నంబరు ఉంది. ఇది గుమాస్తా పొరపాటని ఒక్క క్షణం ఆయన మనసులో ఆక్షేపణ కూడా తయారైంది. తర్వాత చిరునామా కింద సంతకం చూశారు. ఆ సంతకం ముప్పై ఒక్క ఏళ్ళ నుంచీ పాలవాడి చీటీ మీద చూస్తున్నారు.

“ఎవరండీ?” మిగతా ఇద్దరూ మీదికి వంగారు.

తూకం గారు పుస్తకం టపీమని మూశారు.

“పరిశీలించదగినది,” అన్నారు.

తిరిగొస్తుంటే దారిలో వాన అందుకుంది. తడిసి ముద్దయి ఇల్లు చేరి, అలవాటు కొద్దీ వంటింట్లోకెళ్ళి గిన్నెలు దించబోయారు. ఆవిడ పకపకా నవ్వింది. ఎక్కడా చుక్క లేదు. పడకగదిలో తలగడ పొడిగా, గర్వంగా ఉంది.

“కూర్చోండి, తల తుడుచుకోండి,” అని తువ్వాలిచ్చింది ఆవిడ.

“మీ నాన్న నీకు షేర్లిచ్చాడా?” అన్నారాయన తువ్వాల్లోంచి.

“పెళ్ళైన కొత్తలోనే చూపించాగా! విప్పి చూడకుండానే ‘అలా పెట్టు, పరిశీలించి చెబుతా’ అన్నారు. మా నాన్న ఏ కార్ఖానాలో చేశాడో కూడా అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళయింది, చెబుతారేమోనని చూశా. ఈలోగా ఏటేటా వచ్చిన డివిడెండుతోనే కదండీ మీ కళ్ళజోడు, మీ క్లబ్బు చందా! కప్పు సంగతి కూడా మీరు పరిశీలిస్తానన్న రోజునే ఆ షేర్లు అమ్మమని బ్రోకరుకి చెప్పా. రెండేళ్ళు కాకి కూడా వాలలేదు. చివరికి ముగ్గురు దొరికారు. ఎవరి కన్నబిడ్డలో గాని, ఒకడి మీద ఒకడు పడి కొన్నారట! వాళ్ళ కడుపు చల్లగుండ.”

తూకం గారు తల తుడుచుకుంటూనే ఉన్నారు. తల ఎప్పుడో ఆరిపోయింది.

“ఇంకో సంగతండోయ్,” ఆవిడ దగ్గరికి జరిగింది. “ఇవాళ బ్రోకరు ఫోను చేశాడు. ఆ ముగ్గురూ ఇప్పుడు అమ్మేస్తామని అతని ప్రాణం తోడేస్తున్నారట. అరవైకే ఇస్తారట! డివిడెండు ఆ తొమ్మిదీ ఎటూ పోలేదు. కప్పుకి పోగా నా దగ్గర మిగిలింది చాలానే ఉంది. నాకేం తొందర లేదు, మళ్ళీ కొనేసి ఓ మూల పడేస్తా. మీరింతకాలం షేర్లని తూచారు కదా, చెప్పండి. కొనొచ్చా?”

వాన కప్పు మీద దరువేస్తోంది. తూకం గారి నోటి చివర ‘పరిశీలించదగినది’ వచ్చి నిలబడింది. ఆయన దాన్ని మింగేశారు.

“కొను,” అన్నారు. “కాని ఇద్దరి దగ్గరే కొను. మూడోవాడు అమ్మడు.”

“మీకెలా తెలుసు?”

“వాడికిక డబ్బుతో తొందర లేదు. ఇవాళ్టి నుంచి వాడి ఇంటి కప్పు కారడం లేదు.”

ఆవిడ ముందు కప్పుకేసి చూసింది. తర్వాత మొగుడికేసి చూసింది.